అభిమాన బృందాల్లో వ్యక్తిగత లైంగికత: ఎవరికి చెప్పాలి, ఎంత చెప్పాలి, ఎక్కడ ఆగాలి (తరచుగా అడిగే ప్రశ్నలు)

హైదరాబాదులో సినిమా అభిమానులు, యానిమే ప్రేక్షకులు, కొరియన్ పాప్ వినేవారు, ఫ్యాన్‌ఫిక్షన్ (ఇష్టమైన పాత్రలతో అభిమానులు అల్లే కథలు) రాసేవారు, చదివేవారు ఆన్‌లైన్ బృందాల్లో తరచూ ఎదుర్కొనే ఒక ఇబ్బంది, అంటే సొంత లైంగిక విషయాలను అతిగా పంచుకోవడం (ఓవర్‌షేరింగ్) గురించి ఈ ప్రశ్నలూ సమాధానాలూ రాశాను. ఇటువంటి బృందాలకు మోడరేటరుగా ఉన్నందువల్ల నన్ను మళ్లీ మళ్లీ అడిగినవే వీటిలో ఎక్కువ. చట్టం ప్రస్తావన వచ్చినచోట సెక్షన్ల సంఖ్యలు ఇచ్చాను గానీ వాటిని న్యాయ సలహాగా తీసుకోవద్దు. విషయం కేసు దాకా వెళ్లేలా ఉంటే న్యాయవాదిని కలవడమే మంచిది.

లైంగికత గురించి మాట్లాడటమే తప్పని మీ ఉద్దేశమా?

కాదు. మన ఇళ్లలో శరీరం గురించిన ప్రస్తావన ఏది వచ్చినా "ఛీ, ఏం మాటలవి" అనే మందలింపుతో ఆగిపోతుంది. అందుకే ఆన్‌లైన్‌లో ఎవరైనా వారించగానే చాలామందికి ఆ పాత మందలింపే మళ్లీ వినబడుతుంది, వెంటనే రోషం వస్తుంది. ఆ రోషాన్ని నేను అర్థం చేసుకోగలను. అయితే ఇక్కడ తేల్చుకోవలసింది ఆ మాట సిగ్గుపడవలసినదా కాదా అన్నది కాదు. వింటున్నవారు దాన్ని వినడానికి ఒప్పుకున్నారా, వద్దనుకుంటే పక్కకు తప్పుకునే వీలు వారికి ఉందా అన్నవే చూడవలసిన విషయాలు.

నాలుగు వందల మంది ఉన్న గ్రూపులో కొత్త ట్రైలర్ మీద చర్చ నడుస్తుండగా ఒకరు తమ పడకగది అనుభవాన్ని పూసగుచ్చినట్టు వివరించారనుకోండి. అందులో అశ్లీలమైన పదం ఒక్కటి లేకపోయినా అది అతిగా పంచుకోవడమే, ఎందుకంటే ఆ నాలుగు వందల మందిలో ఎవరూ దానికోసం అక్కడికి రాలేదు. అదే అనుభవాన్ని ముందుగా అడిగి, ఒప్పుకున్న ఒక స్నేహితురాలికి ఇంకా వివరంగా చెప్పినా అందులో అమర్యాద ఏమీ ఉండదు. హద్దును నిర్ణయించేది చాలావరకు చెప్పే చోటు, వినే మనిషి. చెప్పే సంగతికి అందులో ఉన్న పాత్ర మనం అనుకునే దానికన్నా తక్కువ.

"నేను గే", "నేను బైసెక్సువల్", "నేను ట్రాన్స్" అని చెప్పుకోవడం ఓవర్‌షేరింగ్ కిందికి వస్తుందా?

రాదు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను.

తానెవరో చెప్పుకోవడం వేరు, తన కోరికలను వర్ణించడం వేరు. "మా ఆవిడకు కూడా ఈ సీరీస్ ఇష్టం" అని ఒక మగవాడు గ్రూపులో రాస్తే ఆయన తన లైంగికతను పంచుకున్నాడని ఎవరూ అనుకోరు. అదే గ్రూపులో మరొక మగవాడు "నా బాయ్‌ఫ్రెండ్‌కు కూడా ఇష్టం" అని రాయగానే "పర్సనల్ విషయాలు ఇక్కడెందుకు" అని నలుగురు లేస్తారు. రెండు వాక్యాలూ చెప్పిన సంగతి ఒకటే. ఒకదాన్ని కుటుంబ విషయంగా, రెండోదాన్ని పడకగది విషయంగా చదివే మన అలవాటులోనే లోపం ఉంది.

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం వ్యక్తిగత గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించినప్పుడు లైంగిక ధోరణి కూడా ఆ గోప్యతలో ముఖ్యమైన భాగమని చెప్పింది. మరుసటి ఏడాది, 2018 సెప్టెంబరు 6న, నవ్‌తేజ్ సింగ్ జోహార్ కేసులో భారతీయ శిక్షాస్మృతి 377వ సెక్షన్ పరిధి నుంచి పెద్దల మధ్య సమ్మతితో జరిగే సంబంధాలను తప్పించింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు తమ లింగ గుర్తింపును తామే నిర్ణయించుకోవచ్చని అంతకు ముందే, 2014 ఏప్రిల్‌లో నాల్సా తీర్పు చెప్పింది. దేశపు అత్యున్నత న్యాయస్థానం ఇంత చెప్పిన తరువాత కూడా ఒక అభిమాన బృందపు అడ్మిన్ "మా గ్రూపులో ఇలాంటివి చెప్పుకోకూడదు" అని నియమం పెడితే, దాన్ని మర్యాద పేరుతో చేసిన వివక్ష అనవలసిందే.

అయితే గుర్తింపు చెప్పుకున్నంత మాత్రాన వివరాలన్నింటికీ తలుపులు తెరిచినట్టు కాదు. తన ధోరణిని చెప్పిన మనిషిని "అయితే మీరు ఎలా చేస్తారు?" అని అడిగేవారు కనిపిస్తూనే ఉంటారు. అక్కడ హద్దు దాటినది ఆ అడిగినవారే.

కథల్లో పాత్రల శృంగారాన్ని అంత విపులంగా రాస్తారు కదా, నా గురించి నేను రాసుకుంటే తప్పేమిటి?

ఈ ప్రశ్నలో నిజమైన తర్కం ఉంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఫ్యాన్‌ఫిక్షన్ లోకంలో శృంగారానికి మొదటినుంచీ చోటుంది. పాత్రలను జంటలుగా ఊహించడాన్ని, అంటే షిప్పింగ్‌ను, సినిమా, యానిమే, సంగీత అభిమానులందరూ చేస్తారు. ఆ ఊహల ద్వారానే తమ లైంగికతను మొదటిసారి అర్థం చేసుకున్నవారు ఎంతోమంది ఉన్నారు. హాస్టల్ గదిలో మరో ముగ్గురితో ఉంటూ, ఇంటికి వెళితే పెళ్లి సంబంధాల మాటలు తప్ప మరేమీ వినని ఒక అమ్మాయికి ఫోనులో చదివిన కథే తన గురించి తనకు మొదటి సమాచారం కావచ్చు. కథలను, వాటి గురించిన చర్చను చులకన చేసే ఉద్దేశం నాకు లేదు.

తేడా అంతా పాఠకుడికి ఉన్న ఎంపికలో ఉంది. 2009లో ప్రజలకు తెరుచుకున్న ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అనే కథల భాండాగారాన్ని చూడండి. అక్కడ ప్రతి కథకూ జనరల్, టీన్, మెచ్యూర్, ఎక్స్‌ప్లిసిట్, నాట్ రేటెడ్ అనే వాటిలో ఏదో ఒక రేటింగు ఉంటుంది. హింస, బలాత్కారం వంటివి ఉంటే హెచ్చరిక ఉంటుంది, లేదా తాను హెచ్చరికలు ఇవ్వదలచుకోలేదని రచయిత ముందే చెబుతారు. వాటికి తోడు రచయిత సొంతంగా పెట్టుకున్న ట్యాగులు ఉంటాయి. పెద్దల కథ అయితే "ముందుకు వెళ్లాలా" అని అడిగిన తరువాతే పేజీ తెరుచుకుంటుంది. ఇన్ని దాటుకుని లోపలికి వెళ్లిన పాఠకుడు, ఎ సర్టిఫికెట్ చూసి టికెట్ కొన్న ప్రేక్షకుడిలాగే, ఏం చూడబోతున్నాడో తెలిసే వెళ్లాడు. గ్రూపు చాట్‌లో ఉన్నట్టుండి ప్రత్యక్షమయ్యే సొంత అనుభవానికి ఇవేవీ ఉండవు. బస్సులో అమ్మ పక్కన కూర్చుని ఫోను చూస్తున్న మనిషి తెర మీద అది నోటిఫికేషన్‌గా వచ్చి పడుతుంది.

రెండో తేడా కూడా ఉంది. పాత్ర గురించి ఏం రాసినా ఆ పాత్ర నొచ్చుకోదు, రేపు ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకు వెళ్లదు. మీ గురించి మీరు రాసినదానిలో మీరుంటారు, చాలాసార్లు మీతో ఉన్న మరొకరు కూడా ఉంటారు. ఆ రెండో మనిషి తన విషయం నాలుగు వందల మందికి చెప్పమని మీకు అనుమతి ఇచ్చారా?

పాత్రల గురించిన చర్చలో నా అనుభవం ప్రస్తావించకుండా ఉండటం కష్టం. అస్సలు రాయకూడదా?

రాయవచ్చు, కానీ అది పాత్ర మీద వెలుగు పడేంతవరకే ఉండాలి. "ఆ పాత్ర తన ఇష్టాన్ని దాచుకోవడం చూస్తే నా కాలేజీ రోజులు గుర్తొచ్చాయి" అన్న వాక్యం చర్చకు బలాన్ని ఇస్తుంది. తరువాత వచ్చే మూడు పేరాలూ ఆ కాలేజీ రోజుల రాత్రుల గురించే అయితే పాత్ర ఎప్పుడో వెళ్లిపోయిందని గమనించాలి.

కథ రాసినవారికి "చదువుతుంటే నా శరీరం ఇలా స్పందించింది" అని వ్యాఖ్య పెట్టవచ్చా?

పెట్టకపోవడమే మంచిది. శృంగార కథ రాసినంత మాత్రాన ప్రతి పాఠకుడి శారీరక స్పందనను వినడానికి రచయిత సిద్ధంగా ఉన్నట్టు కాదు. కొందరు రచయితలు అటువంటి వ్యాఖ్యలను సరదాగానే తీసుకుంటారు, వారు ఆ మాట తమ పరిచయంలోనో కథ చివరనో స్పష్టంగా రాసుకుంటారు కూడా. అలా రాయనివారి విషయంలో "ఆ సన్నివేశంలోని ఉద్విగ్నత చాలా బాగా పండింది" అంటే వారికి అర్థమవుతుంది, సంతోషమూ కలుగుతుంది. కథను మెచ్చుకునే నెపంతో రచయిత్రి సొంత జీవితం గురించి ఆరా తీయడం మాత్రం ఏ విధంగానూ సమర్థించలేనిది. "ఇంత బాగా రాశారంటే అనుభవమే కదా" అన్న మాటను పొగడ్త అనుకునేవారు ఇంకా ఉన్నందుకు నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

గ్రూపులో ఎవరి వయస్సు ఎంతో ఎవరికీ తెలియదు. అందరూ పెద్దవాళ్లే అనుకోవచ్చా?

అలా అనుకోకండి. డిస్కార్డ్ అనే చాటింగ్ యాప్‌లో ఖాతా తెరవడానికి మన దేశంలో 13 ఏళ్లు నిండితే చాలు. యానిమే, కొరియన్ పాప్ బృందాల్లో ఇంటర్మీడియట్ పిల్లలు, పదో తరగతి పిల్లలు కూడా పెద్ద సంఖ్యలో ఉంటారు. వాళ్లు బొమ్మలు బాగా గీస్తారు, వేగంగా రాస్తారు, ఇంగ్లీషు తడుముకోకుండా మాట్లాడతారు, దాంతో ఎదుటివారికి పాతికేళ్లవారిలా కనిపిస్తారు. కొందరు వయస్సు దాస్తారు కూడా.

మన చట్టంలో 18 ఏళ్లు నిండనివారందరూ పిల్లలే. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం 11వ సెక్షన్ ప్రకారం లైంగిక ఉద్దేశంతో పిల్లలకు మాటలు వినిపించడం, దృశ్యాలు చూపించడం, ఎలక్ట్రానిక్ మాధ్యమంలో వెంటపడటం లైంగిక వేధింపు అవుతుంది. 12వ సెక్షన్ దానికి మూడేళ్ల వరకు జైలు శిక్ష, జరిమానా చెబుతుంది. "ఆ అబ్బాయే అడిగాడు", "ఆ అమ్మాయికి ఇష్టమే" అన్న సమాధానాలు ఇక్కడ అక్కరకు రావు. యానిమే బృందాలవారు మరొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. సమాచార సాంకేతిక చట్టం 67బి సెక్షన్ పిల్లలను లైంగికంగా చిత్రించే ఫోటోలతో ఆగదు, అటువంటి రాతలను, డిజిటల్ బొమ్మలను తయారు చేయడాన్నీ, దాచుకోవడాన్నీ, పంచడాన్నీ కూడా ప్రస్తావిస్తుంది. "అది గీసిన బొమ్మే కదా" అని తేలికగా తీసుకునేవారు ఆ సెక్షన్ పాఠాన్ని ఒకసారి చదవాలి.

చట్టాన్ని పక్కన పెట్టినా, పెద్దలు తమ లైంగిక అనుభవాలను చెప్పుకునే చోట కూర్చున్న పదిహేనేళ్ల పిల్లవాడికి "పెద్దవాళ్లు నాతో ఇలా మాట్లాడటం మామూలే" అన్న నమ్మకం కుదురుతుంది. రేపు దురుద్దేశంతో వచ్చే మనిషికి ఆ నమ్మకమే దారి చూపిస్తుంది. ఆన్‌లైన్‌లో కనిపించే "మైనర్లు దూరంగా ఉండండి" అన్న నోటీసు ఒక్కటే సరిపోదు, ఆ నోటీసు చదివి వెళ్లిపోయిన పిల్లవాడిని నేనింకా చూడలేదు.

వాట్సాప్, టెలిగ్రామ్, డిస్కార్డ్ అన్నింటిలోనూ ఒకే మర్యాద పాటించాలా?

మర్యాద ఒకటే, ప్రమాదం మాత్రం చోటును బట్టి మారుతుంది. వాట్సాప్ గ్రూపులో సభ్యులందరికీ మీ ఫోను నంబరు కనిపిస్తుంది, ఆ నంబరే మీ బ్యాంకుకు, ఆఫీసుకు, పెళ్లి సంబంధాలు చూసే పెద్దమ్మకు కూడా తెలిసినది. టెలిగ్రామ్‌లో నంబరును దాచుకునే సెట్టింగు ఉంది, అయినా చాలామంది దాన్ని మార్చుకోరు. డిస్కార్డ్‌లో మారుపేరుతో ఉండవచ్చు, పెద్దలకు మాత్రమే అని గుర్తు పెట్టిన ఛానెళ్లను విడిగా నడపవచ్చు. అందువల్ల ఇటువంటి సంభాషణకు ఈ మూడింటిలో కాస్త అనువైనది డిస్కార్డ్, అస్సలు పనికిరానిది వాట్సాప్ గ్రూపు.

హైదరాబాదు ఎంత పెద్ద నగరమైనా అభిమానుల లోకం చాలా చిన్నది. కూకట్‌పల్లిలో ఉండే మీ బాబాయి కొడుకు, మాదాపూర్‌లో మీ పక్క టీములో పనిచేసే అమ్మాయి, దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ తీసుకుంటున్న మీ చెల్లెలి స్నేహితురాలు ఒకే హీరోను అభిమానిస్తే ముగ్గురూ ఒకే గ్రూపులో తేలతారు. మారుపేరు పెట్టుకున్నా, మీ మెట్రో స్టేషను, మీ కాలేజీ, మీరు వెళ్లిన బెనిఫిట్ షో గురించి వేర్వేరు రోజుల్లో రాసినవి కలిపి చూస్తే మీరెవరో తెలుసుకోవడం కష్టం కాదు. పెదవి దాటితే పృథివి దాటుతుందన్న సామెతకు ఇప్పుడు స్క్రీన్‌షాట్ కూడా తోడైంది.

మేమంతా అన్నా, అక్కా అని పిలుచుకునేంత చనువుగా ఉంటాం. అంత చనువున్నప్పుడు అడగకుండా చెప్పకూడదా?

ఆ పిలుపే మొహమాటాన్ని పెంచుతుందని గమనించండి. "అక్కా, నీకొక్కదానికే చెబుతున్నా" అని మొదలుపెట్టిన సందేశాన్ని ఆపమని చెప్పడం ఆ అక్కకు చాలా కష్టం. తమ్ముడు బాధపడతాడేమో, గ్రూపులో చెడ్డపేరు వస్తుందేమో అని ఆమె చదువుతూ పోతుంది, "హ్మ్", "అవునా" అని జవాబిస్తుంది. ఆ "హ్మ్"ను ఆసక్తి అనుకుని ఇతను మరింత వివరంగా రాస్తాడు. నా దగ్గరికి వచ్చిన ఫిర్యాదుల్లో దురుద్దేశం లేకుండా మొదలైనవి చాలావరకు ఈ దారిలోనే పెరిగాయి.

అడగడానికి పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు. "ఒక వ్యక్తిగత విషయం చెప్పాలని ఉంది, లైంగికతకు సంబంధించినది. వినే వీలుందా? లేకపోతే ఏమీ అనుకోను" అన్న రెండు ముక్కలు చాలు. విషయం ఎటువంటిదో ముందే తెలియాలి, కాదనడానికి దారి ఉండాలి, ఆ దారిలో వెళ్లినవారి మీద అలక ఉండకూడదు. ఒకసారి ఒప్పుకున్నారు కదా అని వచ్చే వారం అడగకుండానే మొదలుపెట్టడం సరికాదు. జవాబు రాకపోవడం కూడా ఒక జవాబే అని గ్రహించాలి.

అడగకుండా అశ్లీల ఫోటోలు పంపడం గురించి విడిగా చర్చించవలసిన పనే లేదు, అది నేరం. భారతీయ న్యాయ సంహిత 75వ సెక్షన్ ఒక మహిళకు ఆమె ఇష్టానికి వ్యతిరేకంగా అశ్లీల చిత్రాలు చూపించడాన్ని, లైంగికపరమైన వ్యాఖ్యలు చేయడాన్ని లైంగిక వేధింపుగా పరిగణిస్తుంది. ఆ సెక్షన్ మగవారు మహిళల పట్ల చేసే చర్యలకే పరిమితం. మగపిల్లలకు, ట్రాన్స్ వ్యక్తులకు అటువంటి సందేశాలు వచ్చినప్పుడు ఈ సెక్షన్ అక్కరకు రాకపోవచ్చు గానీ, గ్రూపు నియమానికి ఆ కొరత ఉండనక్కర్లేదు.

హీరోహీరోయిన్ల గురించి మాట్లాడుకోవడం కూడా దీని కిందికి వస్తుందా? అది అభిమానమే కదా?

ఇక్కడే మన ద్వంద్వ నీతి బయటపడుతుంది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్ల దగ్గర కటౌట్లు కట్టే సంస్కృతి ఆన్‌లైన్‌కు వచ్చినప్పుడు, హీరోయిన్ శరీరం గురించి మగ అభిమానులు తమ కోరికలతో సహా రాసే వ్యాఖ్యలు కూడా దాని వెంట వచ్చాయి. వాటిని ఎవరూ ఓవర్‌షేరింగ్ అనరు, "ఫ్యాన్ కామెంట్" అంటారు. ఒక అమ్మాయి ఒక హీరో గురించి అందులో పదోవంతు రాస్తే "బరితెగించింది" అంటారు, ఇద్దరు హీరోలను జంటగా ఊహించి కథ రాస్తే యుద్ధమే ప్రకటిస్తారు. నియమం పెట్టదలిస్తే మొదట ఆ మగ అభిమానుల వ్యాఖ్యలకే వర్తింపజేయాలన్నది నా అభిప్రాయం.

పాత్రను ప్రేమించడం, నటుడి అందాన్ని మెచ్చుకోవడం సహజం. కానీ నటులు బతికున్న మనుషులు. వారి గురించిన లైంగిక ఊహలను వారినే ట్యాగ్ చేస్తూ రాయడం, వారి కుటుంబసభ్యుల ఖాతాల కింద పెట్టడం అభిమానం పేరుతో చేసే వేధింపు. అది ఎంతదూరం వెళ్లగలదో 2023 నవంబరులో అందరూ చూశారు. వేరొక మహిళ వీడియోకు నటి రష్మిక మందన్న ముఖాన్ని అతికించిన డీప్‌ఫేక్ దేశమంతటా పాకింది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక యువకుడిని అరెస్టు చేసి, ఆమె పేరుతో తాను నడుపుతున్న అభిమాన పేజీకి ఫాలోవర్లను పెంచుకోవడానికే అతను దాన్ని తయారుచేశాడని వెల్లడించారు. లైంగిక చర్యలను చూపే సమాచారాన్ని ఆన్‌లైన్‌లో ప్రచురిస్తే సమాచార సాంకేతిక చట్టం 67ఏ కింద మొదటిసారికే ఐదేళ్ల వరకు జైలు, పది లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

మా గ్రూపులో ఒకరు గే అని నాకు తెలుసు. దగ్గరివారికి చెబితే తప్పా?

తప్పే. ఆ విషయం మీది కాదు. ఎవరికి, ఎప్పుడు, ఏ మాటల్లో చెప్పాలన్నది పూర్తిగా వారి ఇష్టం, గ్రూపులో చెప్పినంత మాత్రాన ఇంట్లో కూడా చెప్పారని అర్థం కాదు. ఒకరి లైంగికతను లేదా లింగ గుర్తింపును వారి ప్రమేయం లేకుండా నమోదు చేసి ఉంచడం ఈ నగరానికి కొత్త కాదు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల పేర్లతో రిజిస్టరు నిర్వహించాలని చెప్పిన నిజాం కాలపు 1329 ఫసలీ (1919) చట్టం శతాబ్దానికి పైగా పుస్తకాల్లో ఉండిపోయి, 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టివేసేదాకా పోలేదు. "నీకు తెలుసా, వాడు..." అని మొదలయ్యే కబురు ఆ రిజిస్టరుకు చిన్న తమ్ముడే.

బయట కలుసుకునే సందర్భాల్లో మరింత జాగ్రత్త అవసరం. హైటెక్స్‌లో కామిక్ కాన్‌కో, నెక్లెస్ రోడ్డు మీద అభిమానుల కలయికకో వచ్చిన మనిషి పక్కన తమ్ముడో, సహోద్యోగో ఉండవచ్చు. ఆన్‌లైన్‌లో వారు చెప్పినదాన్ని అక్కడ సరదాకైనా ఎత్తకూడదు. ఏ పేరుతో పిలవాలో కూడా వారినే అడగాలి.

ఎవరో అతిగా చెబుతున్నారు. నొప్పించకుండా ఎలా ఆపాలి?

మొదటిసారి అయితే తేలికగా, వెంటనే ఆపండి. "అన్నా, ఇది ఇక్కడ వద్దు, మళ్లీ ఎపిసోడ్ దగ్గరికి వద్దాం" అంటే చాలామంది ఆగిపోతారు. ఆలస్యం చేసేకొద్దీ చెప్పినవారికి తరువాత కలిగే సిగ్గు పెరుగుతుంది కాబట్టి వెంటనే ఆపడమే దయ. ఎగతాళి స్టిక్కర్లు, "టీఎంఐ" (టూ మచ్ ఇన్ఫర్మేషన్, అంటే అక్కర్లేనంత చెప్పావని) గుంపుగా అరవడం మాత్రం వద్దు. అవి మనిషిని అవమానిస్తాయి గానీ హద్దు ఎక్కడుందో చెప్పవు.

వ్యక్తిగత సందేశాల్లో జరుగుతుంటే "ఇటువంటి విషయాలు నాతో పంచుకోవద్దు" అని ఒక్క వాక్యంలో చెప్పండి. క్షమాపణలు, కారణాలు జోడించకండి, ఎందుకంటే కారణం చెబితే దాని మీద వాదన మొదలవుతుంది. ఆ తరువాత కూడా ఆపకపోతే బ్లాక్ చేయండి, దానికి మొహమాటపడనక్కర్లేదు.

నాకు ఇటువంటి మాటలేవీ వినాలని ఉండదు. నన్ను పాతకాలపు మనిషి అంటున్నారు.

అనుకోనివ్వండి. మీరు ఏసెక్సువల్ (లైంగిక ఆకర్షణ కలగనివారు) కావచ్చు, గాయపడిన అనుభవం ఉండవచ్చు, లేదా కేవలం ఇష్టం లేకపోవచ్చు. ఈ మూడింటిలో ఏదో ఎవరికీ వివరించవలసిన అవసరం మీకు లేదు.

అది ఓవర్‌షేరింగ్‌లా కాక, ఆ మనిషి నిజంగా బాధలో ఉన్నట్టు అనిపిస్తే?

అప్పుడు చోటు గురించిన నియమం రెండో స్థానానికి వెళుతుంది. "ఇది ఇక్కడ రాయకూడదు" అనే ముందు "మీరు ఇప్పుడు క్షేమంగా ఉన్నారా?" అని అడగాలి. తనపై జరిగిన లైంగిక దాడి గురించి, ఇంట్లో తెలిసిపోయి కొడుతున్నారని, చనిపోవాలని ఉందని ఎవరైనా గ్రూపులో రాస్తే, వారికి చెప్పుకోవడానికి మరో చోటు లేకనే అక్కడ రాసి ఉంటారు. మోడరేటరు విడిగా సందేశం పంపి, వారు ఒప్పుకుంటే గ్రూపులోని ఆ పోస్టును తీసివేయాలి. తొలగింపు శిక్షగా అనిపించకుండా, వారి క్షేమం కోసమేనని చెప్పాలి.

ఆపైన మీరు వైద్యులు కారని గుర్తుంచుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సంఖ్య టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లలైతే 1098, వెంటనే ప్రమాదం ఉంటే 112. లైంగిక ధోరణి కారణంగా చికిత్సలో వివక్ష చూపకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతుంది, ఆ మాట తెలిస్తే డాక్టరు దగ్గరికి వెళ్లడానికి కొందరికి ధైర్యం వస్తుంది. "వీడిని ఎర్రగడ్డకు పంపాలి" అన్న మన ఊరి పాత హాస్యాన్ని కనీసం ఆ రోజుకైనా కట్టిపెట్టండి.

నేను ఇప్పటికే చాలా చెప్పేశాను. ఇప్పుడేం చేయాలి?

వాట్సాప్‌లో పంపిన సందేశాన్ని దాదాపు రెండున్నర రోజుల వరకు అందరికీ కనిపించకుండా తొలగించవచ్చు, డిస్కార్డ్‌లో మీ సందేశాన్ని ఎప్పుడైనా తీసివేయవచ్చు. గడువు దాటితే అడ్మిన్‌ను అడగండి. పదిమందికీ పొడవైన క్షమాపణ రాయడం మాత్రం వద్దు, దాన్ని చదవడానికి చూడనివారు కూడా వెనక్కి వెళ్లి వెతుకుతారు. ఎవరినైనా ఇబ్బంది పెట్టారని తెలిస్తే వారికి విడిగా ఒక మాట చెబితే సరిపోతుంది. రెండు వారాల్లో గ్రూపు కొత్త టీజర్ గురించి కొట్టుకుంటూ ఉంటుంది.

నా సందేశాలను, ఫోటోలను బయటపెడతామని బెదిరిస్తున్నారు.

డబ్బు పంపకండి, బతిమాలకండి, సంభాషణను తొలగించకండి. స్క్రీన్‌షాట్లు, ఖాతా పేరు, లింకు, తేదీలు భద్రపరచుకోండి. జాతీయ సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో మహిళలు, పిల్లలకు సంబంధించిన ఫిర్యాదులకు ప్రత్యేక విభాగం ఉంది. 2014 అక్టోబరులో హైదరాబాదులో మొదలైన పోలీసుల షీ టీమ్స్ ఆన్‌లైన్ వేధింపుల ఫిర్యాదులను కూడా తీసుకుంటాయి. బెదిరింపుకు, బెదిరించి డబ్బు గుంజడానికి న్యాయ సంహితలో వేర్వేరు సెక్షన్లు, వరుసగా 351, 308 ఉన్నాయి. "మీరే పంపారు కదా" అని ఎవరైనా అన్నా, ఒకరికి పంపడానికి ఒప్పుకోవడం అందరికీ పంచడానికి ఒప్పుకోవడం కాదు.

ఫోటోలు పాకుతాయన్న భయం ఉంటే, 2021లో మొదలైన స్టాప్ ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ ఉంది. అది మీ ఫోనులోనే ఆ ఫోటోకు ఒక డిజిటల్ వేలిముద్రను తయారుచేసి, ఆ ముద్రను మాత్రమే తనతో చేరిన సామాజిక మాధ్యమ సంస్థలకు ఇస్తుంది. ఫోటో మీ దగ్గరే ఉండిపోతుంది. అది 18 ఏళ్లు నిండినవారికి, పిల్లలుగా ఉన్నప్పటి ఫోటోలకైతే టేక్ ఇట్ డౌన్ అనే సేవ ఇదే పద్ధతిలో పనిచేస్తుంది.

నేను అడ్మిన్‌ను. నియమం ఎలా రాయాలి?

"అసభ్యత నిషేధం" అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. అసభ్యత ఏదో ఒక్కొక్కరు ఒక్కోలా అనుకుంటారు, చివరికి ఆ నియమం అడ్మిన్‌కు నచ్చనివారి మీదే పనిచేస్తుంది. పెద్ద సంస్థలే ఇక్కడ తడబడ్డాయి. 2007 మే నెలాఖరులో లైవ్‌జర్నల్ అనే బ్లాగుల సైటు పిల్లలకు హాని చేసే ఖాతాలను తీసివేయబోయి వందల ఖాతాలను ఆపేసింది, వాటిలో అభిమానుల కథలు, దాడికి గురైనవారి సహాయ బృందాలు కూడా పోయాయి. టంబ్లర్ 2018 డిసెంబరు 17 నుంచి పెద్దల సమాచారాన్ని నిషేధించినప్పుడు దాని యంత్రం ఏ దోషమూ లేని బొమ్మలను కూడా పట్టుకుంది, అక్కడ ఒకరికొకరు తోడుగా ఉన్న క్వీర్ (గే, బైసెక్సువల్, ట్రాన్స్ తదితర) అభిమానులు చెల్లాచెదురయ్యారు.

అందువల్ల దేన్ని అనుమతిస్తున్నారో మొదట రాయండి: తమ గుర్తింపు చెప్పుకోవచ్చు, పాత్రల సంబంధాలను చర్చించవచ్చు, పెద్దల కథల లింకులను రేటింగుతో, హెచ్చరికతో ఫలానా చోట పెట్టవచ్చు. ఆ తరువాత వద్దన్నవి రాయండి: సొంత లైంగిక చర్యల వర్ణన, ఇతరుల శరీరాల మీద వ్యాఖ్యలు, అడగకుండా వ్యక్తిగత సందేశాలు. అబ్బాయిలకూ అమ్మాయిలకూ, గే జంటకూ మామూలు జంటకూ అదే కొలత వాడుతున్నారో లేదో ఏడాదికొకసారి పాత తొలగింపులను వెనక్కి తిరిగి చూసుకోండి. మోడరేటర్లలో కనీసం ఒక మహిళ, వీలైతే ఒక క్వీర్ వ్యక్తి ఉంటే మీకు కనిపించనివి వారికి కనిపిస్తాయి.

పెద్దలకు మాత్రమే అని విడి ఛానెల్ పెడితే వయస్సును ఎలా నిర్ధారించాలి? ఆధార్ ఫోటో అడగవచ్చా?

అడగకండి. ఒకరి ఆధార్‌నూ వారి లైంగిక సంభాషణనూ ఒకే అడ్మిన్ ఫోనులో చేర్చడం కన్నా పెద్ద ప్రమాదాన్ని నేను ఊహించలేను, ఆ ఫోను పోయినా, ఆ అడ్మిన్‌తో గొడవ వచ్చినా అందరి గుట్టూ రట్టవుతుంది. ఛానెల్‌ను తెరిచి ఉంచకుండా, అడిగినవారికే ఇవ్వండి. కొంతకాలంగా గ్రూపులో ఉండి, చదువు, ఉద్యోగం, పరీక్షల ప్రస్తావనల ద్వారా పెద్దవారని మోడరేటర్లకు నమ్మకం కుదిరినవారినే చేర్చండి. అనుమానం ఉంటే చేర్చవద్దు, ఆ మాట వారితో మర్యాదగా, సూటిగా చెప్పండి. చేర్చిన తరువాత ఎవరైనా స్కూలు యూనిఫాం గురించో, ఇంటర్ హాల్‌టికెట్ గురించో మాట్లాడితే ఆ రోజే తీసివేసి, మిగతా ఛానెళ్లలో వారి చోటు వారికి అలాగే ఉంచండి.